నాలుగో గట్టు

మా చిన్నబాపు పోయాడని సిరిసిల్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కోరుట్లలో మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతున్నాను. "బిడ్డా, మీ చిన్నబాపు ఇగ దగ్గుతలేడు" అంది చిన్నమ్మ. అంతకు మించి చెప్పక్కర్లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మనిషి దగ్గుతూనే ఉన్నాడు.

నాన్న తమ్ముణ్ని మా వైపు చిన్నబాపు అంటాం. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. సాంచల మీద బతికి సాంచల మీద పోయినవాడి గురించి ఎవరడుగుతారు? కడుపు మండి నేనే రాస్తున్నాను.

సాంచలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో ఆయన వేరేవాళ్ల సాంచలు నడిపేవాడు. ఆ షెడ్డులో నూలు దుమ్ము గాలిలో కాదు, గాలే నూలు దుమ్ములో ఉండేది. జగిత్యాలలో డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి చూసి, "సాంచలు ఇడిసిపెట్టు, లేకుంటే పానం ఇడిసిపెడ్తవ్" అని మొహం మీదే చెప్పాడు. విడిచిపెట్టి ఎక్కడికి పోవాలి? తిండి ఎవరు పెడతారు?

అప్పుడు గుర్తొచ్చింది గుట్ట. చిన్నమ్మకు పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు మల్యాల అవతల ఒక గుట్ట వాలు ఇచ్చారు. భూమి అనడానికి నోరు రాదు. అన్నీ రాళ్లు, వాటి సందుల్లో అక్కడక్కడా మట్టి. వానొస్తే ఆ కాస్త మట్టీ కిందికి జారిపోయేది. కానీ ఆయన దాన్ని చూసి పడిన సంబరం అంతా ఇంతా కాదు. "నాలుగు గట్లు పడితే సాలు బిడ్డా. మట్టి ఆగుతది. మట్టి ఆగితే మక్కలైతయి. మక్కలైతే నేను సాంచల మొకం సూడ" అనేవాడు. మక్కలంటే మొక్కజొన్న.

వారానికి ఒకరోజు సాంచలు ఆగేవి. ముందురోజు సాయంత్రమే ఇద్దరూ సద్ది మూట కట్టుకుని బస్సెక్కేవాళ్లు. వాళ్లకు పిల్లల్లేరు, నేనే బిడ్డను. పెళ్లి కాకముందు చాలాసార్లు నేనూ వెంటపోయాను. గుట్టమీద ఇల్లు లేదు, గుడిసె లేదు. ఎవరో రైతు పారేసిన ట్రాక్టర్ ట్రాలీని బతిమాలి అడుక్కుని, ఎడ్లతో లాగించి, కింద రాళ్లు పేర్చి నిలబెట్టాడు చిన్నబాపు. దానికి చక్రాలు లేవు. పైన సాంచల పాత పైపులు వంచి తాడిపత్రి పట్టా కప్పాడు. అదే మా మకాం.

"నా మొగడు బంగ్లా కట్టిండు గని చక్రాలు మర్సిపోయిండు" అని చిన్నమ్మ నవ్వేది.

"చక్రాలుంటే నువ్వు పుట్టింటికి తోలుకపోతవని నేనే పీకేసిన" అనేవాడాయన.

పొద్దున ట్రాలీ అంచు మీద కూర్చుని ఊపిరి గట్టిగా లోపలికి పీల్చి, "ఇను" అనేవాడు. ఏం వినాలో మొదట నాకు తెలిసేది కాదు. ఛాతీలో గురగుర లేదు. అదీ ఆయన వినమన్నది. తర్వాత రోజంతా గడ్డపారతో రాళ్లు పెకిలించేవాడు. చిన్నమ్మ, నేను తట్టల్లో మోసేవాళ్లం. మొదటి గట్టు ఒక్క వానకే కొట్టుకుపోయింది. చిన్నమ్మ తలపట్టుకుని కూర్చుంది. ఆయన మాత్రం, "పోగు తెగితే ముడెయ్యాలె, సాంచను తిట్టొద్దు" అని మళ్లీ పేర్చాడు. రెండోది లేచింది. మూడోదీ లేచింది.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను అట్లాగే అనేవాళ్లం. పగలు పోలీసు జీపులు, చీకటి పడితే అన్నలు. మధ్యలో ఊళ్లు అడకత్తెరలో పోకచెక్కలు. గొర్లు కాసే ముసలాయన ఒకసారి చెప్పనే చెప్పాడు. "గుట్ట మీద పండుకునుడేందయ్యా, ఎవలకన్న అనుమానమైతది."

"షెడ్డుల పండుకుంటె దుమ్ము సంపుతది తాతా. ఈడ సంపేటోడు ఇంక రాలేదు గదా" అన్నాడు చిన్నబాపు. అప్పుడు నవ్వాం కూడా.

ఇప్పుడు చెప్పేది మా నేతవాళ్లు తప్ప ఎవరూ చెయ్యని పొరపాటు. సాంచ మీద బట్టను ఎక్కడ కొయ్యాలో పోగుల మీద ముందే రంగు గుర్తు పెడతారు. ఆ అలవాటుతోనే నాలుగో గట్టు ఎక్కడెక్కడ రావాలో గుర్తు పెట్టాలనుకున్నాడు. తెల్ల పేలికలు రాళ్లలో కలిసిపోయి కనబడవని, అద్దకం దగ్గర ఊరికే దొరికిన ఎర్ర లంగాబట్ట పేలికలు తెచ్చి వరసగా కట్టెలకు కట్టాడు. పక్కనే గట్టుకని ఏరిన రాళ్లను నిలువుగా, కుదురుగా పేర్చాడు. నేతవాడు కదా, ఏది చేసినా సాపుగా ఉండాలి. అటు పొదల మధ్య కట్టెల మీద ఎర్రటి వరస, ఇటు రాళ్ల దిమ్మె. కింది రోడ్డు నుంచి చూసేవాళ్లకు అది ఎట్లా కనిపిస్తుందో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

జీపులు వచ్చాయి.

"ఎవని స్థూపంరా ఇది?" చనిపోయిన అన్నలకు ఎర్ర జెండాలతో కట్టే స్థూపమనుకున్నారు పోలీసులు.

"స్థూపం గాదు సారు, గట్టు రాళ్లు."

"ఈ జెండాలేంది?"

"జెండాలు గావు సారు, ఆడోళ్ల లంగల బట్ట" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. వెటకారం చేస్తున్నాడనుకున్నారు. ట్రాలీలో చిన్నమ్మ వండిన అన్నం గిన్నెను బూటుతో తన్ని, "గింతన్నం ఎవలకు?" అని అడిగారు. మా ముగ్గురికే అంటే నమ్మరే! చిన్నమ్మ వాళ్ల కాళ్లమీద పడింది. ఆయన్ని ఎక్కించుకుని పోయారు.

వదిలిపెట్టాక ఆయన ఇంటికి వచ్చేసరికి కుడిచేతి వేళ్లు వంగడం లేదు. వేళ్లు వంగకపోతే ముడి పడదు, ముడి వెయ్యలేనివాడికి సాంచ ఎవరిస్తారు? అదే షెడ్డులో ఒక మూల నూలు కండెలు చుట్టే పని ఇచ్చారు. అక్కడ దుమ్ము ఇంకా ఎక్కువ. గుట్ట మీద కనిపిస్తే ఈసారి ఇంటికి రావని పోలీసులు చెప్పి పంపారట. ఎక్కడికైతే పారిపోవాలనుకున్నాడో ఆ దారి మూసుకుపోయింది. ఎక్కడి నుంచి పారిపోవాలనుకున్నాడో అక్కడే బతుకంతా దగ్గుతూ కూర్చున్నాడు. దేవుడనేవాడు ఉంటే నేనొక మాట అడగాలి.

అన్నలూ పోయారు, జీపులూ తగ్గాయి. కానీ అప్పటికి ఆయనకు గుట్టెక్కే ఊపిరి లేదు. నేను సిరిసిల్ల వెళ్తే నా కుట్టు ముక్కల సంచి ముందేసుకుని, వంగని వేళ్లతో ఎర్రవి ఏరి పక్కన పెట్టేవాడు. "ఇయ్యి ఇంట్లనే ఉండనియ్యి బిడ్డా, బయటికి తియ్యకు" అనేవాడు. ముడి వెయ్యాలన్న మాట ఆయన నోట మళ్లీ వినలేదు.

దినాలు అయిపోయాక చిన్నమ్మ గుట్టకు పోదామంది. ట్రాలీ తుప్పు పట్టి, దాని అడుగులోంచి వేపచెట్టు మొలిచింది. మూడు గట్లూ అక్కడక్కడా కూలినా, వాటి వెనక మట్టి నిలిచే ఉంది. మోకాళ్లెత్తు గడ్డి. ఆయన చెప్పింది నిజమే, మట్టి ఆగింది. చూస్తుంటే ఏడుపు ఆగలేదు నాకు.

చిన్నమ్మ నాలుగో గట్టు రావలసిన చోటికి వెళ్లింది. కొంగు ముడిలోంచి ఎర్ర పేలిక తీసి, అక్కడి పొద కొమ్మకు కట్టింది. జారిపోని నేత ముడి వేసింది. అప్పుడే కింద రోడ్డు మీద ఏదో బండి చప్పుడు వినిపించింది. చిన్నమ్మ చేతులు గబగబా ముడి మీద పడ్డాయి. అది ఊడిరాలేదు. వంగి, పళ్లతో కొరికి లాగింది.

అది జగిత్యాల బస్సు. చిన్నమ్మ చూస్తూ నిలబడింది. బస్సు మలుపు తిరిగిపోయాక కూడా ఆ పేలిక ఆమె పిడికిట్లోనే ఉంది.