చెల్లెలు పచ్చబడ్డ రోజు

మొన్న వేటపాలెం మీదుగా వెళ్తుంటే బస్సు కిటికీలోంచి జీడిగింజలు కాల్చే వాసన తగిలింది. ముక్కుకి నూనె పట్టినట్టుండే ఆ వాసన వెంటే నా పదో ఏటి వేసవి వచ్చేసింది: వాకిట్లో ఆరబోసిన మిరపకాయలు, ఆ ఘాటుకి తుమ్మే మేకలు, తాటిముంజెలు, జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడ్డ అమ్మమ్మ వేళ్ళు, కానుపుకొచ్చిన అమ్మ కోసం ఆ వేళ్ళు దంచే వెల్లుల్లి కారం.

బాలింత గదికి కిటికీ ఒకటే. గాలి తగలకూడదని అమ్మమ్మ దాన్ని మూసి, పైన గోనెపట్టా వేలాడదీసింది. ఆ చీకట్లో, సాంబ్రాణి పొగలో, అయిదు రోజుల చెల్లెలు మూటలా పడుకుని ఉండేది. ముందురోజు నుంచే పాలకి నోరు తెరవడం మానేసింది. చూడవచ్చినవాళ్ళు "బంగారు తల్లి, ఏడుపే లేదు" అని మెచ్చుకుంటుంటే, అమ్మ మాత్రం రొమ్ముల సలుపుతో గోడకానుకుని "ఒక్కసారి లేపవే" అని నన్ను బతిమాలేది. గిల్లినా లేవలేదు.

అమ్మమ్మ నీళ్ళకి వెళ్ళగానే చెల్లెల్ని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేశాను. గుడ్డ విప్పితే మొహం, పొట్ట, అరికాళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. పసుపు రాశారేమోనని గౌను అంచుతో తుడిచాను. పోలేదు.

అప్పుడే వచ్చిన అమ్మమ్మ బిందె పడేసి చెయ్యెత్తింది. "ఏమే, పసిగుడ్డుని ఎండలోకి తెస్తావా! బుద్ధుందా?"

"కాళ్ళు చూడు అమ్మమ్మా."

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇంతలో పాప ఒళ్ళు వెనక్కి విరుచుకుని కీచుమని ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

వెంటనే ఆటోలో చీరాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

"పాలు ఎప్పట్నుంచి తాగట్లేదమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నిన్నట్నుంచండి," అంది అమ్మమ్మ.

"కామెర్లు బాగా ముదిరాయి. నిన్ననే తేవాల్సింది."

అంబులెన్సులో గుంటూరు పంపించారు. అక్కడ పాపకి నెత్తురు మార్చి, కళ్ళకి గంతలు కట్టి, నీలం లైటు కింద పడుకోబెట్టారు. అమ్మమ్మ రెండు రోజులు అన్నం ముట్టకుండా అద్దం ఇవతలే నిలబడింది. మూడో రోజు నర్సు వచ్చి "పాలు తాగిందండి" అనగానే అక్కడే నేలమీద కూలబడింది.

చెల్లెలు బతికింది. ఆ కామెర్ల వల్ల వినికిడి మాత్రం సగమే దక్కిందని రెండేళ్ళకి తెలిసింది. అమ్మమ్మని ఎవరం ఒక్క మాట అనలేదు. పక్కింటికి వినపడకుండా మాట్లాడే ఆ మనిషి, ఆనాటి నుంచి చెల్లెలి ఎదుట కూర్చుని, పెదాలు కనపడేలా, వీధి వీధంతా వినేలా మాట్లాడేది. పోయేదాకా అంతే.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, మేకలు లేవు. చెల్లెలు చీరాలలో బట్టలు కుడుతోంది. మొన్న చెవి మిషను సర్దుకుంటూ అంది: "అమ్మమ్మ పోయాక ఊరెళ్తే నాకేం వినపడట్లేదక్కా."