దానమ్మ పొలంలో మడమొక్కలు

కృష్ణ సముద్రంలో కలిసే చోట, మడ అడవిని ఆనుకుని ఉన్న చవుడు నేలను ఎవరూ కోరుకోలేదు. కూలికి పోయే దానమ్మ, ఆమె భర్త అబ్రహాము అక్కడ ఒక ముక్కకు చుట్టూ గట్టు వేసుకున్నారు. వాన నీళ్లు నిలబెట్టి ఉప్పు కడిగారు. జీలుగ చల్లి, పచ్చిగానే మట్టిలో కలియదున్నారు. నాటిన నారు ఎర్రబడి చచ్చిపోయిన ఏళ్లే ఎక్కువ. చివరికి ఒక ఏడు వరి పొట్టకొచ్చింది.

అప్పుడే అటవీ శాఖ అధికారి పొక్లెయిన్‌తో వచ్చాడు. ఆ నేల అడవి హద్దులోదని, తుపాన్లలో ఊళ్లను కాపాడేది మడ చెట్లేనని చెప్పాడు. అందులో అబద్ధం లేదు.

“కోతలయ్యేదాకా ఆగండి బాబూ,” అంది దానమ్మ.

“కోతలయ్యాక మళ్లీ దున్నుతారు. మీ సంగతి మాకు తెలీదా?”

గట్టు తెగ్గొట్టారు. సముద్రపు పోటుకు ఉప్పు నీళ్లు పొలంలోకి వచ్చాయి. అబ్రహాము గండికి అడ్డంగా కూర్చుని చేతులతో మట్టి వేస్తుంటే, ఇద్దరు రెక్కలు పట్టుకుని లాగేశారు. అదే హద్దులో పక్కనే ఉన్న జయకృష్ణ గారి రొయ్యల చెరువుల జోలికి పోలేదు. ఆయన కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నాడు. దానమ్మ వరి వారం తిరక్కుండా మాడిపోయింది.

పని కోసం ఇద్దరూ కంకిపాడు వెళ్లారు. వరి కోశాక మినుము పండే నల్లమట్టి మీద అక్కడ లారీలు గ్రావెల్ పోస్తున్నాయి. ఇళ్ల స్థలాల వెంచరట. ఆ గ్రావెల్ సర్దడమే వీళ్లకు దొరికిన పని.

“ఇంత మంచి పొలం పూడుస్తంటే ఆపేవాళ్లే లేరా అయ్యా?” దానమ్మ మేస్త్రీని అడిగింది.

“పట్టా భూమమ్మా. ఆయన పొలం, ఆయనిష్టం. నువ్వు పార ఆడించు.”

అబ్రహాము ఆ పూటే పార కింద పెట్టేశాడు.

తిరిగొచ్చాక ఊళ్లో అతనికి దొరికింది జయకృష్ణ చెరువుల కాపలా. దానమ్మ అటవీ శాఖ వాళ్ల దగ్గర మడమొక్కలు నాటే కూలికి కుదిరింది. నాటాల్సింది తన పొలంలోనే. ఆమె బురదలో వంగి నాటుతుంటే, అతను అవతలి గట్టు మీద తిరిగేవాడు.

“అన్నం తెచ్చా, ఇటు రావయ్యా,” అని పిలిచిందొకసారి.

“ఆ నేల మీద కాలు పెట్టను. నీకు చేతులెట్టా వస్తన్నాయే?”

“రాకపోతే తినేదేంటి?”

మొక్కలు బాగా పట్టాయి. పై అధికారులు చూడటానికి వచ్చిన రోజు దానమ్మ చేతికి ఒక మొక్క ఇచ్చి ముందు నిలబెట్టారు. ఫోటో తీసే అతను నవ్వమన్నాడు. గట్టు మీద అబ్రహాము చూస్తున్నాడు. ఆమె నవ్వింది.

ఆ రోజు నుంచి అతను ఇంటికి రావడం మానేసి చెరువు పాకలోనే ఉంటున్నాడు. ఆమె గట్టు మీద పెట్టిన అన్నం గిన్నె తీసుకుంటాడు. మాట్లాడడు.