ఆపరేషన్ గదిలో ఆమె చేయి పట్టుకున్నదెవరు

నేను నర్సును. శవాల గది పక్కన కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. దయ్యాలు, ఆత్మలు అని ఎవరన్నా మొదలుపెడితే "వేరే పనేం లేదా" అని కసురుకునేదాన్ని. ఇప్పటికీ నాది అదే నోరు. ఈ ఒక్క సంగతి దగ్గరే దానికి తాళం పడుతుంది.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదున్న రోజులు. జనగామలో నేను పనిచేసే కంటి ఆసుపత్రి నుంచి కొందరం నేపాల్ కొండల్లో ఉచిత శిబిరానికి వెళ్లాం. బస్సులు బంద్, పట్టాల మీద జనం. నేపాల్ సంగతి దేవుడెరుగు, జనగామ దాటడమే గగనమైంది.

మా డాక్టరుగారు కోస్తా మనిషి. నేను "గిట్ల", "గట్ల" అంటే ముసిముసిగా నవ్వేవారు. ఆ కొండల్లో ఆయన తెలుగూ చెల్లలేదు, నాదీ చెల్లలేదు. నాకు భలే హాయిగా అనిపించింది.

శిబిరం ఆఖరి రోజు ఒక ముసలమ్మ వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరిపోయింది. ఆపరేషన్ అనగానే మంచం కోడు పట్టుకుని కూర్చుంది. నేను హిందీలో చెబితే అక్కడి బడి పంతులు నేపాలీలో చెప్పాలి. అది విని ముసలమ్మ కోడలు వాళ్ల కొండ భాషలో చెప్పాలి. మూడు నోళ్లు మారి నా ధైర్యం ఆమె చెవిలో ఏమై పడిందో గానీ, ఇంకా గట్టిగా పట్టుకుంది.

"రేపు మనం వెళ్లిపోతామమ్మా. ఈ కన్నూ పోతే ఆవిడ గతేంటి?" అన్నారు డాక్టరుగారు.

నేను గూడూరు దగ్గర లంబాడీ తండాలో పుట్టాను. మా ఆడవాళ్లు చాలాకాలానికి కలిస్తే దండం పెట్టుకోరు. మెడలు కౌగిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను తలుచుకుని, ఉన్నవాళ్ల మంచిచెడ్డలు అడిగి, కళ్లు తుడుచుకుని కబుర్లలో పడతారు. మహబూబాబాద్ హాస్టల్లో చదువుకున్న నాకు అదంటే సిగ్గు. ఆ రోజు మాత్రం ఇంకేమీ తోచక ముసలమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, మా నానమ్మ రాగంలో ఏడ్చాను. కాసేపటికి ఆమె కూడా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తర్వాత మంచం వదిలి లేచింది.

ఆపరేషన్ గదిలోకి నేను వెళ్లలేదు. బయట చుక్కల మందు వేస్తూ ఉన్నాను.

మర్నాడు పొద్దున కట్టు విప్పాం. చూపు వచ్చింది. అందరినీ చూసి నవ్వింది. నా చేతులు మణికట్టు నుంచి భుజం దాకా తడిమి, కాదన్నట్టు తల ఊపింది.

పంతులు అడిగి చెప్పాడు. "నాతో ఏడ్చింది ఈ పిల్లే, గొంతు గుర్తుపట్టాను. లోపలికి నాతో వచ్చిన పెద్దామె ఏది? భుజాల దాకా గాజులున్నాయి. నా చేయి పట్టుకునే ఉంది" అంటోందట.

నా చేతికి గడియారం తప్ప ఏమీ లేదు. ఆపరేషన్ గదిలో ఎవరూ గాజులు వేసుకోరు. ఆ కొండల్లో అలా వేసుకునే ఆడవాళ్లు నాకు కనిపించలేదు. మా నానమ్మ మాత్రం పోయేదాకా భుజాల దాకా తెల్ల గాజులతోనే ఉంది.

వెంటనే మా యాడికి, అంటే అమ్మకు, ఫోన్ చేశాను. గూడూరులో రోడ్డు మీద వంటావార్పులో ఉంది. అటు డప్పుల మోత మధ్యే జరిగింది చెప్పాను. ఆమె పక్కకు వచ్చింది.

"మీ నానమ్మనా? కండ్లు పోయినా దవాఖాన గడప తొక్కలేదు గదనే! సూది అంటేనే మంచం కింద దూరేది." అంతలోనే గొంతు తగ్గించింది. "జర అడుగు బిడ్డా, గా గాజులామె భయపడ్డదా?"

ఫోన్ పట్టుకునే అడిగాను. ప్రశ్న మూడు నోళ్లు మారి వెళ్లింది, జవాబు మూడు నోళ్లు మారి వచ్చింది. నేను యాడికి చెప్పాను.

"భయపడిందట. గాజులు చప్పుడయ్యేంత వణికిందట. అయినా చేయి వదల్లేదట."

"మా అత్తనే," అన్నది యాడి. ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఇది ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. డాక్టరుగారిని అడిగితే, లోపల ముసలమ్మ పక్కన ఎవరూ లేరన్నారు. ఆమె ఎడమ చేయి మాత్రం ఆపరేషన్ అయ్యేదాకా గాలిలోకి లేచే ఉందన్నారు.