తాపీతో రుద్దిన దారి

ఉదయం ఆరూ పదికి పాలబండి మా గేటు దగ్గర హారన్ కొట్టింది. రోజూ కొట్టేదే. రోజూలాగే పెద్దమ్మ పాల క్యాను పట్టుకుని బయల్దేరింది. ఆ రోజుల్లో రోడ్డు మీంచి మా ఇంటి అరుగు దాకా ఉన్నదాన్ని దారి అనడం మా మర్యాద. చిల్లకల్లు దాటాక చేలో కట్టుకున్న ఇల్లు మాది. గేటు నుంచి అరుగు దాకా నల్లరేగడి. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలు, వానాకాలం చెప్పు వదలని జిగురు. ముందు రాత్రి వాన పడింది. పెద్దమ్మ సగం దారిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. (పాలు మాత్రం ఒలకలేదని ఆవిడ ఆస్పత్రిలో అందరికీ చెప్పుకుంది.) ఆటో లోపలికి రాలేదు. మంచం మీద గేటు దాకా మోశాం. ఆపరేషన్ చేసిన విజయవాడ డాక్టరు, మళ్ళీ పడితే ఇంత సులువుగా లేవరని చెప్పి పంపాడు.

అప్పుడు నాకు కోపం మొదలైంది. నేను ఇంటర్ నుంచి పెద్దమ్మ దగ్గరే పెరిగాను. నన్ను చదివించింది ఆవిడే. అప్పటికి నందిగామ కోర్టులో ఒక లాయరు గారి దగ్గర కొత్తగా జూనియర్‌గా చేరాను. నల్లకోటు వేసుకున్నాను కాబట్టి నా మాట ఇంట్లో చెల్లాలని అనుకునేదాన్ని. కారు అరుగు దాకా రావాలి, పెద్దమ్మ కాలు మట్టిలో పెట్టకూడదు, ఇదీ నా కేసు. పెదనాన్న ఎర్రమట్టి దగ్గరే ఆగిపోయాడు. "నాలుగు టిప్పర్లు తోలించి రోలర్ తిప్పిస్తే రాయిలా బిగుసుకుపోద్దే. సిమెంటు ఎందుకు, కొంప వేడెక్కడానికా?" అన్నాడు. జగ్గయ్యపేట నుంచి బాబాయి వచ్చి, ఫంక్షన్ హాళ్ళ ముందు వేసే రంగు టైల్స్ ఫొటోలు ఫోన్లో చూపించాడు. "ఎరుపొకటి, బూడిదొకటి, మార్చి మార్చి పరిపిస్తే ఎంత లుక్కొస్తదో తెలుసా?" రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు చీలుతుందని, ఆ టైల్స్ ఏడాదిలో ఊడిన పళ్ళలా లేస్తాయని అన్నాను. "నువ్వు లాయరువా, ఇంజనీరువా?" అన్నాడు బాబాయి. ఎవరి కాలు విరిగిందో ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవిడ మంచం మీంచే చెప్పింది. "సిమెంటే వేయించండి. అమ్మాయి చెప్పిందిగా." నేను గెలిచాననుకున్నాను. ఆవిడ అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కింద కంకర పరిచి, దిమ్మిస కొట్టి, కాంక్రీటు పోసే రోజు మేస్త్రి నన్ను అడిగాడు. "పైన చీపురుతో గీతలు లాగమంటారా మేడం, తాపీతో నున్నగా రుద్దమంటారా?" "గీతలే. గరుకుగా ఉండాలి. తడిలో జారకూడదు" అని రెండుసార్లు చెప్పి నందిగామ బస్సెక్కాను. సాయంత్రం వచ్చి చూస్తే గేటు నుంచి అరుగు దాకా దారంతా అద్దంలా ఉంది. మేస్త్రి నా మొహం చూసి ముందే చెప్పేశాడు. "పెద్దమ్మగారు నున్నగా తీయమన్నారండి. గీతలుంటే గింజలు ఇరుక్కుంటాయంట, ఊడిస్తే రావంట."

"ఏం గింజలు?" అన్నాను.

"మొక్కజొన్నలేనే. ఇంకేం గింజలుంటాయి మనకి?" అంది పెద్దమ్మ వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి. "ఇంత మంచి కల్లం మన చుట్టుపక్కల ఎవరికుంది చెప్పు?"

కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి, జారే దారి అడిగి మరీ వేయించుకుంది. నేను అన్నం తినలేదు. ఆవిడ తిని పడుకుంది.

దసరా ముందు కోతలయ్యాయి. హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద లారీల మధ్య ఆరబోసుకునేవాళ్ళంతా మా గేటు తీసుకుని వచ్చారు. ముందు పక్కచేను వదిన వచ్చింది. తర్వాత ఆవిడ చెప్పినవాళ్ళు. పెద్దమ్మ అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, "పోసుకోండమ్మా, ఖాళీగానే ఉందిగా" అనేది. మబ్బు కమ్మితే ఆవిడే కేకేసి అందర్నీ పిలిచేది. కోళ్ళను అదిలించేది. నా స్కూటీని నేను గేటు బయట పెట్టుకుని, గింజల అంచు వెంట, నల్లకోటు చేత్తో పట్టుకుని, పిల్లిలా నడిచి ఇంటికి వచ్చేదాన్ని. "అందరికీ నోటీసులిస్తాను" అని ఒకరోజు అరిచాను. "ఎవరికిస్తావే? జొన్నలకా?" అంది పెద్దమ్మ. వదిన నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. ముందు రోజు సాయంత్రం జల్లు పడింది కాబట్టి, కప్పిన పట్టాలన్నీ తెల్లారగానే తీసి గింజలు పరిచేశారు. నేను వద్దని చెప్పాను. పెద్దమ్మ పరవమంది. జగ్గయ్యపేట నుంచి పిలిపించిన కారు భాయ్ (ఆయన పేరు ఎవరికీ తెలీదు, అందరూ అలాగే పిలిచేవాళ్ళు) గేటు దగ్గర కారాపి దిగాడు.

"లోపలికి రండి భాయ్" అన్నాను.

"గింజల మీద టైరు ఎక్కించనమ్మా. తినేవి."

"ఇవి కోళ్ళ దాణాకి పోయేవి. ఎక్కించండి."

"కోళ్ళయినా తినేవేగా" అన్నాడాయన.

దారి వేయించింది కారు కోసం. కారు గేటు బయట ఉంది. పక్కన బురద. గింజలు లేని చోట నున్నటి తడి సిమెంటు. ఈసారి పడితే లేవదని డాక్టరు చెప్పిన మనిషి అరుగు దిగుతోంది. చెప్పులు విప్పేసింది, వాకర్ నా చేతికిచ్చింది, నా జబ్బ పట్టుకుని ఉత్త కాళ్ళతో నేరుగా గింజల్లోకి దిగింది. పాదాలు ఎత్తకుండా, నేలకు ఈడుస్తూ, చాలు తీస్తున్నట్టు నడిచింది. మా వైపు గింజలు తిరగేసే పద్ధతే అది. "ఎటూ నడవాలిగా, తిరగేసినట్టూ ఉంటది" అంది. నేను గేటు దాకా తిడుతూనే ఉన్నాను. వదిననీ, మేస్త్రినీ, కారు భాయ్‌నీ, మొక్కజొన్న పంటనీ. పెద్దమ్మ మధ్యలో ఆగి పిడికెడు గింజలు తీసి ఒకటి కొరికింది. "అమ్మాయ్, నీవి ఇంకా మెత్తగానే ఉన్నయ్, ఇవాళ ఎత్తమాక" అని వదినకు కేకేసింది. ఆవిడ పడలేదు. నా జబ్బ మీద ఆవిడ వేళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఆస్పత్రిలో ఇదంతా నేను డాక్టరుకు ఫిర్యాదు చేశాను. ఆయన సీరియస్‌గా విన్నాడు. ఉత్త కాళ్ళతో గింజల మీద నడవకూడదని పెద్దమ్మకు గట్టిగా చెప్పాడు. నా కడుపు నిండింది. ప్రిస్క్రిప్షన్ రాసి ఇస్తూ, "ఈసారి రేటెట్లా ఉందమ్మా? మా నాన్నగారు కూడా మొక్కజొన్నే వేశారు" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న దాంట్లో తుంటి ప్రస్తావన రాలేదు. తిరుగు ప్రయాణంలో కీసర దాకా నేను డాక్టర్నీ తిట్టాను. పెద్దమ్మ నిద్రపోయింది.

పెద్దమ్మ పోయి రెండో ఏడు నడుస్తోంది. తుంటి వల్ల కాదు, జ్వరం వచ్చి పోయింది. నేనిప్పుడు నా కారు సరాసరి అరుగు దాకా తెచ్చి ఆపుతాను. నేను అడిగింది ఇదే. కోర్టులో ఎవరైనా కొత్త జూనియర్ పిల్ల బల్ల గుద్ది మాట్లాడుతుంటే, స్కూటీ బయట పెట్టి పిల్లిలా నడిచిన ఆ పిల్ల గుర్తొచ్చి కాస్త నవ్వుకుంటాను. కోపం మాత్రం పోలేదు. ఎవరి మీదో చెప్పలేను. మొన్న కోతలప్పుడు వదిన గింజలు సర్వీసు రోడ్డు మీద పోస్తుంటే కారాపి, "మన దారి ఖాళీగానే ఉందిగా వదినా, పోసుకోరాదూ?" అన్నాను.

"వానొస్తే ఎవరు చూస్తారమ్మా? నువ్వు నందిగామలో, మీ పెదనాన్న చేలో" అంది.

మా దారి మీద ఇప్పుడు ఎవరూ గింజలు ఆరబోయడం లేదు.