మామగారి స్కూటరు, నా చేతి ప్లగ్గు

స్కూటరు ప్లగ్గు మార్చడం వేలెడంత పని. ఆ వేలెడంత పనితో ఒక పెళ్లి సంబంధాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టిన ఘనుడు మీకెక్కడైనా తగిలాడా? తగలకపోతే ఇదిగో, నమస్కారం. కుర్చీ లాక్కొని కూర్చోండి, చెబుతాను.

ఎనభైల చివరి మాట. నేను సూర్యాపేటలో చిన్న ఉద్యోగం చేసుకునేవాణ్ని. సొంత వాహనం అంటే సైకిలే. అయినా నా పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి మా అత్తగారింట్లో, "పిలగాడు ఏ మిషనైనా ఇప్పి బిగిస్తడు" అని కోతలు కోసి వచ్చాడు. ఒకసారి ఆయనింట్లో ఫ్యాను రెక్కకు చిక్కుకున్న దారం తీశాను, అంతే. నేనైనా కాదని చెప్పొచ్చుగా? చెప్పలేదు. వినడానికి బాగుంది మరి.

అత్తగారిల్లు మిర్యాలగూడ. కొత్త అల్లుడిగా అక్కడ నాకు జరిగిన మర్యాద ఎలాంటిదంటే, మిట్టమధ్యాహ్నం నేను "చీకటి పడిందే" అంటే మామగారు లేచి లైటు వేసేవారు. అత్తగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. తలుపు చాటు నుంచి మా ఆవిడకు చెబితే, పక్కనే ఉన్న నాకు మా ఆవిడ మళ్లీ చెప్పేది. ఆ ఇంట్లో నేను తప్పు చేయడమనేది శాస్త్రంలో లేదు.

ఆ రోజు మామగారూ నేనూ ఆయన స్కూటరు మీద కోదాడ పోవాలి. మా మరదలు సరళకు అక్కడో సంబంధం. అబ్బాయికి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేలోపు రమ్మన్నారు. ఇంతకుముందోసారి వస్తామని చెప్పి మావాళ్లు పోలేకపోయారు. ఈసారీ పోకపోతే వాళ్ల చేతిలో ఖమ్మం వైపు సంబంధం తయారుగా ఉంది. సరళకు ఆ అబ్బాయి ఫొటో నచ్చింది. ఆ మాట పైకి చెప్పలేక పొద్దున్నుంచీ స్కూటరును తుడిచిందే తుడుస్తోంది.

ఆ స్కూటరేమో స్టార్టవడం, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోవడం. మామగారు కొత్త ప్లగ్గూ పానా పట్టుకొని బయటికొచ్చారు.

"మీరు జరుగుండ్రి మామయ్యా, నేను జేస్త," అన్నాను.

"మీకెందుకు బాబూ, చేతులు ఖరాబైతయి. నేను చిటికెల మారుస్త."

"నేనుండంగ మీరు చేసుడేంది?"

"మీ ఇష్టం బాబూ."

చూశారా, "మీ ఇష్టం". ఆ ఇంట్లో నన్ను ముంచింది ఆ ఒక్క మాటే.

ఇంజను మీది కుడివైపు డొప్ప తీశాను. అంటే, మామగారు చాటుగా పెడల్ దగ్గర నుంచి చెయ్యి పెట్టి కొక్కెం వదులు చేశారు, నేను తీశాను. పాత ప్లగ్గు విప్పాను. నల్లగా మసిపట్టి ఉంది. దాన్ని పక్కన పడేసి కొత్తది బిగిస్తే అక్కడితో కథ ఖతం. కానీ అంత తొందరగా ముగిస్తే చూసేవాళ్లకు నా గొప్ప ఏం తెలుస్తుంది? అందుకని ఆ పాతదాన్ని గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి, పెళ్లికొడుకులా తయారుచేశాను. మసిచేతులతోనే కొత్తదాన్ని డబ్బా నుంచి తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి పరీక్షించాను. ఏం పరీక్షించానో దేవుడికే తెలియాలి.

తర్వాత మెరుస్తున్నదాన్ని బిగించాను. మసిగా ఉన్నదాన్ని, ఎప్పుడైనా పనికొస్తుందని, జేబులో వేసుకున్నాను.

మా ఆవిడ, "ఏమండి, అది..." అని మొదలుపెట్టింది.

తలుపు చాటు నుంచి అత్తగారు, "ఊకోయే. ఆయనకు తెల్వదా?" అన్నారు.

అది నాకు మెచ్చుకోలుగా వినిపించింది. ఛాతీ ఇంకాస్త ఉబ్బింది.

ఒక్క తన్నుకే స్కూటరు స్టార్టయింది. సరళ ముఖం వెలిగిపోయింది. నేను వెనక సీట్లో దొరలా కూర్చున్నాను. నేరేడుచర్ల దాటేదాకా నేను చెప్పిన ఇంజన్ల సంగతులకు మామగారు "అవునవును బాబూ" అంటూనే ఉన్నారు. దాటాక బండి దగ్గింది, తుమ్మింది, చేల మధ్య ఆగింది.

ఇక చూడండి నా వైద్యం. ఎడమవైపు వంచాను, కుడివైపు వంచాను, తన్నాను, తోశాను. కాలే ప్లగ్గును పట్టుకొని వేళ్లు కాల్చుకున్నాను. చెమట తుడుచుకున్న చోటల్లా మసి. జేబులో ఉన్న ప్లగ్గు నా తెల్లచొక్కా మీద తాలూకా కచేరీ ముద్రంత మరక వేసింది. పొద్దెక్కుతోంది. నాకు మాటిమాటికీ స్కూటరు తుడుస్తున్న సరళే గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు మామగారు గొంతు సవరించుకున్నారు.

"బాబూ, తప్పుగ అనుకోకుండ్రి. మీ జేబుల ఉన్నదే కొత్తది."

"మీకు ముందే తెలుసా?"

"ఇంటికాడ్నే సూసిన."

"మరి చెప్పకపోతిరి మామయ్యా?"

"అల్లునికి ఎట్ల జెప్తం బాబూ? బాగుండదు గద."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఎంత బాగుండేదో. కొత్త ప్లగ్గు ఆయనే బిగించారు, బండి కదిలింది.

కోదాడలో ఆ ఇంటి ముందు దిగేసరికి అబ్బాయి డ్యూటీ సంచి పట్టుకొని గడప మీద ఉన్నాడు. నన్ను నేను చూసుకున్నాను. బొగ్గు లారీ దింపొచ్చినట్టున్నాను.

"మామయ్యా, నేను అల్లుణ్నని చెప్పకుండ్రి. ఈడనే బండికాడ ఉంట."

"మీ ఇష్టం బాబూ," అని ఆయన లోపలికి వెళ్లారు.

కాసేపటికి అబ్బాయి తల్లి వాకిట్లోకొచ్చి, "మెకానిక్కు బాబూ, మావాడి బండి కూడా కాస్త చూడవయ్యా, స్టార్టవట్లేదు," అంది. ఏం చేస్తాను? చూశాను. ఈసారి ఏ ప్లగ్గునూ ముట్టకుండా, "దీనికి టైమ్ పడ్తదమ్మా" అని డాక్టరులా తలాడించాను. ఇంతలో మామగారు మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకొచ్చారు.

"తీస్కోండి బాబూ. ఎండల నిలవడ్డరు, జర నీడకు రాండ్రి. మీరు టిఫిన్ చేసినంకనే నేను తింట."

ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. లోపలికి వెళ్లిపోయింది. ఇక సంబంధం పోయినట్టే అనుకున్నాను. ఆలస్యం చేశాం, పైగా ఈ వేషం. తిరుగుదారి పొడుగునా సరళకు ఏం ముఖం చూపించాలో తోచలేదు.

వారం తిరక్కుండా మధ్యవర్తి కబురు తెచ్చాడు. "వాళ్లకు సమ్మతమేనంట. 'వెంటొచ్చిన మెకానిక్కునే అంత మర్యాదగ సూసే మనిషి, రేపు మా పిలగాన్ని ఎట్ల సూస్తడు' అని ఆ తల్లి ఒకటే మురుస్తున్నదంట."

ఇంట్లో పండగే. సరళ వచ్చి నా కాళ్లకు దండం పెట్టబోయింది. నేను కాళ్లు మడిచి మంచం మీదికి ఎక్కాను.

పెళ్లినాడు పట్టుపంచె కట్టుకొని పెళ్లిపీటల పక్కనే కూర్చున్నాను. వియ్యపురాలు నన్ను కింది నుంచి మీదికి చూసి, మామగారి వైపు తిరిగి కళ్లొత్తుకుంది.

"అన్నయ్యగారూ, మెకానిక్కుకి పట్టుబట్టలు కూడా పెట్టారా? మీలాంటివాళ్లని నేనెక్కడా చూళ్లేదండీ."

మామగారు నిజం చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూశారు. నేను వద్దని తలాడించాను.

"మీ ఇష్టం బాబూ," అన్నారాయన.

కాబట్టి అగ్నిసాక్షిగా, పక్కనున్న పురోహితుడు సాక్షిగా, ఆ పూటే ప్రతిజ్ఞ చేశాను. నా చేతిలో పానా ఉండగా ఎవరైనా "మీ ఇష్టం" అంటే, ఆ పానా అక్కడే పెట్టి లేచి వచ్చేస్తాను. ఆ ప్రతిజ్ఞ ఇప్పటిదాకా తప్పలేదు. తప్పే అవకాశమూ రాలేదు, ఎందుకంటే ఆ రోజు నుంచి మా ఇళ్లలో ఎవరూ నాకు పానా ఇవ్వలేదు.