వస్తాదు ఎడమవైపు

మునెప్ప వస్తాదుకు ఎడమకన్ను కనపడదన్న సంగతి ఆయన భార్యకు కూడా తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు నేను చేసిన పని ఆయనకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. ఈ ఉదయం మా అమ్మ, నాయనమ్మ మోకాళ్ల కాపడానికి వావిలాకు ఉడకబెట్టింది. ఆ ఘాటు నా గదిలోకి వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసేసి, కుడి మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇక రాయకుండా ఉండలేననిపించింది.

తిరుపతిలో మా వీధి చివర ఆయన తాలింఖానా ఉండేది. ఒక పాక, ముందు ఎర్రమట్టి పోసిన బరి, గోడకు ఆనించిన వెదురుకర్రలు. అక్కడ పాతికమంది కుర్రవాళ్లు కర్రసాము నేర్చుకునేవారు. ఆయన విరిగిన ఎముకలు కూడా కట్టేవాడు. నా పదమూడో ఏట మెట్లమీద పడి మణికట్టు విరిగితే, బడిపంతులైన మా నాయన నన్ను ఆయన దగ్గరికే తీసుకెళ్లాడు. వావిలాకు కట్టు విప్పేసరికి నా చేతికి చెంబు ఎత్తే సత్తువ కూడా లేదు.

"కర్ర తిప్పితేనే బలమొస్తాది అయ్యవారూ. పాపను పొద్దున పూట మా పెరట్లోకి పంపించండి. నా పెండ్లాం ఆడనే ఉంటాది," అన్నాడు వస్తాదు.

"ఆడపిల్లకు కర్రసామేంది మునెప్పా, ఊరు నవ్వుతుంది," అన్నాడు నాయన.

"నవ్వినోళ్లు వొచ్చి మీ ఇంటికి నీళ్లు మోస్తారా అయ్యవారూ?"

అలా మొదలైంది. నలుగురిలో నోరు విప్పని పిల్లను నేను. ఆయన నన్ను మాట్లాడమని ఏనాడూ బలవంతం చేయలేదు. "కర్రను సూడొద్దు పాపా, ఎదుటోడి బుజాన్ని సూడు," అని మాత్రం రోజూ చెప్పేవాడు. అరుగుమీద బియ్యం చెరుగుతూ ఆయన భార్య కుప్పమ్మ వదిన, "ఆ పాప నోరిప్పేలోపల నీ కర్రకు పుచ్చు పడతాది," అనేది. "నోరిప్పేవాళ్లు ఇంట్లో ఒకరుండారు గదా, సాలు," అనేవాడు ఆయన. నాకు నవ్వొచ్చేది. ఆ పెరట్లో తప్ప ఇంకెక్కడా నేను గట్టిగా నవ్విన గుర్తు లేదు.

చెయ్యి బాగుపడ్డాక కూడా నేను మానలేదు. ఏడాది గడిచాక ఒక ఉదయం నా కర్ర ఆయన ఎడమ భుజానికి తగిలింది. వస్తాదుకు దెబ్బ తగలడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆయన నవ్వి, "ఇంకోసారి," అన్నాడు. మళ్లీ తగిలింది. మూడోసారి కర్రను మెల్లగా అటువైపు నుంచే తెచ్చి, చెంపకు బెత్తెడు దూరంలో ఆపాను. ఆయన రెప్ప వేయలేదు. కాసేపటికి తల తిప్పి, కర్రను చూసి, నన్ను చూశాడు. కుప్పమ్మ వదిన నీళ్లకు వెళ్లి ఉంది.

"ఎప్పటి నుంచి అన్నా?" అన్నాను.

"సలికాలం నుంచి మసక. ఇప్పుడు అదీ లేదు. మీ నాయనకు కూడా సెప్పొద్దు పాపా. గుడ్డి వస్తాదు దగ్గరికి ఎవురొస్తారు? జాతరకు వేలూరు వస్తాదు వస్తాండాడు. ఆ పందెంలో నిలబడితే సాలు."

పందెంలో ఓడిన వస్తాదు దగ్గర కుర్రవాళ్లు నిలవరు. ఆయనకు వేరే బతుకు లేదు. అందుకే ఒప్పుకున్నాను. జాతరకు రెండు నెలలుంది. రోజూ వదిన చేటలోకి తల వంచినప్పుడు నేను చెప్పకుండా ఎడమవైపు నుంచి కొట్టేదాన్ని, ఆయన చెవితో పట్టుకోవాలి. మొదట్లో భుజమంతా కమిలిపోయింది. ద్వారబంధం తగిలిందని వదినకు చెప్పాడు. నెల దాటేసరికి ఒక్క దెబ్బ కూడా తగలనిచ్చేవాడు కాదు.

"ఎట్లా తెలుస్తాంది అన్నా?"

"కొట్టేముందు నువ్వు ఊపిరి బిగబడతావు పాపా. అది ఇనిపిస్తాది."

ఎంత గర్వపడ్డానో. ఆ పెరట్లో చేట చప్పుడు తప్ప మరో సద్దు లేదన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు.

మా వైపు ఒక ఆచారం ఉంది. వస్తాదు బరిలోకి ఉత్తచేతులతో దిగుతాడు. తన శిష్యుల్లో ఒకరిని పేరుపెట్టి పిలుస్తాడు. వాళ్లు కర్ర తెచ్చి చేతికివ్వాలి. ఇవ్వకపోతే ఆ ఏడు పందెం లేదు. కారణం అడగరు, ఎవరూ ఓడినట్టు కాదు. అయితే ఇవ్వకుండా వెనక్కి తగ్గినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ ఏడు ఆయన నన్ను పిలిచాడు.

ఆడవాళ్ల మధ్య నుంచి లేచాను. "అయ్యవారి కూతురు కాదా? కర్ర మోస్తాదా అది?" అని ఎవరో అన్నారు, చాలామంది నవ్వారు. రెండు అరచేతుల మీద కర్ర పెట్టుకుని బరిలోకి నడిచాను. ఆయన ముందుకు చేరేసరికి డప్పులు మొదలయ్యాయి. పది ఉన్నాయో ఇరవై ఉన్నాయో. నా ఊపిరి నాకే వినిపించలేదు. పందెం ముగిసేదాకా డప్పులు ఆగవు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్నే, ఆయన పదేళ్లుగా ఆ బరిలో ఆడినవాడే, అయినా ఇద్దరం డప్పుల మాటే మరిచాం.

ఆయన చెయ్యి చాపాడు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే అన్నీ ఆగిపోయేవి. "ఇయ్యి పాపా, పొద్దుబోతాంది," అని వెనక నుంచి ఎవరో కేకేశారు. ఆయన పరువు పోతుందని ఇచ్చానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. అంతమంది కళ్లు నా మీద నుంచి పోతే చాలనుకున్నాను. ఆయన ముఖం చూడలేదు. అరచెయ్యి మాత్రం చూసి, కర్ర పెట్టేసి వచ్చేశాను.

చాలాసేపు ఆయన వేలూరు వస్తాదును కుడివైపే ఉంచుకుంటూ తిరిగాడు. తర్వాత అతను ఆయన ఎడమవైపుకు అడుగు మార్చాడు. అతని భుజం లేవడం నాకు కనిపించింది. అరిచాను. పక్కనున్న మనిషికి కూడా వినిపించలేదు. దెబ్బ కణతకు తగిలింది. మోకాళ్ల మీద పడ్డాడు, లేచాడు, ఎదుటివాడికి దండం పెట్టి, ఇంటికి నడిచే వెళ్లాడు. నాలుగో రోజు పోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు.

నా మణికట్టు ఇప్పుడు గట్టిది. రెండు బిందెలు మోస్తాను. ఎవరైనా నాతో మాట్లాడుతుంటే నా చూపు ముందు వాళ్ల భుజం మీదికే పోతుంది. ఎవరైనా చెయ్యి చాపితే, ఏది ఇవ్వాలన్నా ముఖం ఒకసారి చూసిగాని ఇవ్వలేను.

ఆయన పోయే ముందురోజు వాళ్లింటికి వెళ్లాను. తలకు తడిగుడ్డ చుట్టి ఉంది. వదిన గంజి తేవడానికి లోపలికి వెళ్లింది. డప్పులు మొదలవగానే నాకు తెలిసిందని, తెలిసే కర్ర ఇచ్చానని చెప్పాను. ఆయన తల పూర్తిగా నా వైపు తిప్పి, కుడికంటితో చూశాడు.

"నాకూ ఇనిపించినాయి పాపా. సెయ్యి సాపింది నేను గదా."