సోమశిలకు డేరా సామాను సర్దిన రోజు

మక్తల్‌లో అది డిసెంబరు మూడో వారం. పొద్దున ఏడు దాటినా మంచు విడవలేదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు బోర్డు కూడా కనిపించలేదు. నాది మోటార్ వైండింగ్ పని. యాసంగి నాట్లు దగ్గరపడితే బోరు మోటార్లు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. షట్టర్ ఎత్తి, ముందురోజు సగం చుట్టి వదిలేసిన మోటారు ముందు కూర్చున్నాను. తొమ్మిదిన్నరకల్లా రెండు మోటార్లు ముగించి, వార్నిష్ ఆరడానికి బల్బు కింద పెట్టి, సాయంత్రం వచ్చి తీసుకొమ్మని రైతులిద్దరికీ ఫోన్ చేసి షట్టర్ దించాను. మరుసటి రోజు శనివారం. నా భార్య సుజాతను, పదేళ్ళ కూతురు అఖిలను తీసుకొని సోమశిలకు వెళ్ళి, కృష్ణ ఒడ్డున రెండు రాత్రులు డేరాలో ఉండాలని అనుకున్నాం. అక్కడ ఏం చూడాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది ఆ ముందురోజు సర్దుకోవడం గురించి.

ఈ ప్రయాణం అఖిల వల్ల మొదలైంది. ఫోన్‌లో ఎవరో డేరా వేసుకొని వంట చేసుకుంటున్న వీడియో చూసి, అందులో పడుకుంటే చుక్కలు కనిపిస్తాయా అని అడిగింది. మాది గొర్లు కాసే కుటుంబం. హాస్టల్‌లో చేరేదాకా, అంటే పన్నెండేళ్ళ వరకు, నేను చుక్కల కిందనే పడుకున్నాను. తర్వాత ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. మా అన్న మల్లప్ప ఇప్పటికీ మా సొంతూళ్ళో మందతోనే ఉంటాడు. ఎండాకాలం గొర్లను కృష్ణ ఒడ్డుకు తోలుకొని పోతాడు, ఆ దిక్కంతా ఆయనకు తెలుసు. అందుకే వారం ముందు ఫోన్ చేసి, "అన్నా, సోమశిల కాడ డేరా వేయాలె, జర జాగా చూసి చెప్పు" అన్నాను. సరే అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ సంగతి నేను మళ్ళీ తలచుకోలేదు.

పది గంటల బస్సుకు మహబూబ్‌నగర్ బయలుదేరాను. దాదాపు రెండు గంటలు పట్టింది. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు పోతే డేరాలు, మడత కుర్చీలు, గ్యాస్ పొయ్యిలు కిరాయికిచ్చే దుకాణం ఉంది. నలుగురు పట్టే డేరా రెండు రాత్రులకు ఎనిమిది వందలు, కుర్చీ ఒక్కోటి వంద. "నలుగురిది అని రాసుంటది గని ముగ్గురే పడ్తరు సార్, నాలుగో మనిషి ఉంటే పెద్దది తీస్కోండ్రి," అన్నాడు దుకాణం అతను. ముగ్గురమే అన్నాను. మూడు కుర్చీలు, ఐసు డబ్బా, చిన్న పొయ్యి కూడా తీసుకున్నాను. ఆయన మేకులు నా ముందే లెక్కపెట్టించి, కర్రలు ఒకసారి బిగించి చూపించాడు. అట్లా చూపించకుండా ఇస్తే తీసుకోకండి. ఒక కర్ర కొస పగిలి ఉంటే అక్కడే మార్పించుకున్నాను. తిరుగు బస్సులో సామానుకు కూడా టికెట్ కొట్టారు. ఇంటికి చేరేసరికి మూడున్నర.

నాలుగింటికి ఇంటి పక్కన ఖాళీ ప్లాటులో డేరా వేసి చూశాం. మొదటిసారి అరగంట పట్టింది, రెండోసారి పావుగంట. రెండోసారి వేస్తుండగా అన్న వచ్చాడు. ఊరి నుంచి బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు. భుజాన సంచి ఉంది. దాన్ని మా గడప దగ్గర పెట్టి, డేరా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిదేనారా లింగప్పా నీ డేరా? గింత పల్సగుంది. గాలొస్తే మనుషులతోని కలిపి లేస్తది."

"మేకులు కొడ్తే లేవదన్నా."

"గివి మేకులా? అఖిల చెవి కమ్మల లెక్కున్నయి."

అఖిల నవ్వి ఆయన చెయ్యి పట్టి లాగింది. "లోపలికి రా పెద్దనాయినా, మస్తు జాగ ఉంది."

"పోయి చూడుండ్రి బావా," అంది సుజాత.

అన్న చెప్పులు విడిచి, వంగి, నడుము దాకా లోపలికి పోయి మళ్ళీ బయటికొచ్చాడు. "లోపట పండుకుంటే గొర్లు ఏడున్నయో ఎట్ల కనవడ్తది?"

"గొర్లు లేవు గద పెద్దనాయినా!"

"అవు గద. మరి ఇంట్ల పండక బయట పండుకునుడెందుకు?"

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే, వాకిలి గాలికెదురు పెట్టామని, అట్లయితే తెల్లారేసరికి కప్పుకున్నవన్నీ తడుస్తాయని చెప్పి, డేరాను తానే తిప్పి వేయించాడు. ఆ మాట నిజమే. చలికాలం వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి.

తర్వాత కింద కూర్చొని, పుల్లతో మట్టిలో గీసి చూపించాడు. "సోమవారం పోయి చూసొచ్చిన. రేవు కాడ వద్దు, పడవలోళ్ళ లొల్లి ఉంటది. రేవుకు ఎడమ దిక్కు పది నిమిషాలు నడిస్తే గరుసు నేల ఉంది. నీళ్ళకు జర పైకుంది, తడి పట్టది. గుర్తుకు మూడు రాళ్ళు పెట్టొచ్చిన."

మా ఊరి నుంచి సోమశిలకు మూడు బస్సులు మారాలి. పోయి రావడానికి ఒక పొద్దంతా కావాలి. మంద ఉన్నవానికి ఒక పొద్దు అంత తేలికగా దొరకదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మందతో వలస పోయేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఒకరు ముందుగా పోయి నీళ్ళు, నేల చూసి, పొయ్యికి మూడు రాళ్ళు పెట్టి వస్తారు. ఆ మనిషి వెంట లేకుండా అక్కడ మంద దిగదు. మొదటి రాత్రి ఆయన అక్కడ పడుకోవాల్సిందే. ఆ నేల ఎట్లాంటిదో ఆయనకే తెలుసు గనుక. మా ఇంట్లో ఎవరినైనా జాగా చూసి రమ్మన్నారంటే, మాతో రమ్మన్నట్టే. ఈ సంగతి నాకు అప్పుడు గుర్తుకు రాలేదని రాస్తే తేలిక. ఆయన మూడు రాళ్ళ మాట ఎత్తగానే గుర్తుకొచ్చింది.

అయిదింటికి కిరాయి కారు డ్రైవరు నర్సింలు వచ్చాడు. పొద్దున హడావిడి లేకుండా సామాను ముందే ఎక్కించి చూద్దామని నేనే రమ్మన్నాను. డేరా, పరుపులు, పొయ్యి, బియ్యం, నీళ్ళ క్యాన్లతో డిక్కీ నిండింది. కుర్చీలు, ఐసు డబ్బా వెనుక సీటు మీదికి వచ్చాయి. "పెండ్లికి పోయినా గింత సామాను పట్టదు సారూ," అన్నాడు నర్సింలు. అఖిల వెనుక కూర్చొని చూసింది. ముందు డ్రైవరు, నేను. వెనుక సుజాత, అఖిల. మూడో మనిషి చోటులో ఐసు డబ్బా, దాని మీద కుర్చీలు.

"మరి పెద్దనాయిన ఏడ కూసుంటడు?" అంది అఖిల.

అన్న నా వైపు చూడలేదు. కారు చక్రం వైపు చూస్తున్నాడు. కుర్చీలు దించండి అంటే అయిపోయేది. సోమశిలకు హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళ మధ్య అన్న గొంగడి కప్పుకొని కూర్చోవడం నాకు కళ్ళ ముందు కనిపించింది.

"అన్న వస్తే మందనెవరు చూస్తరు బిడ్డా?" అన్నాను.

అన్న వెంటనే అందుకున్నాడు. "అవు బిడ్డా, నేనేడొస్త? జాగా చెప్పి పోదామని వచ్చిన అంతే. గొర్లు ఇడిసిపెడ్తే మీ పెద్దమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది."

సుజాత చాయ్ పెట్టింది. అన్నం తిని పొమ్మంటే బస్సు పోతుందన్నాడు. సంచి భుజానికి తగిలించుకొని ఆరున్నర బస్సుకు వెళ్ళాడు. నేను బస్టాండు దాకా వెళ్ళలేదు. మోటార్లకు రైతులు వస్తారని షాపుకు పోయాను.

తిరిగొచ్చేసరికి అఖిల గడప మీద కూర్చుంది. "పెద్దనాయిన సంచిల గొంగడి, పళ్ళెం ఉన్నయి డాడీ. కొత్త టార్చిలైటు గూడ ఉంది. రేపు రాత్రి ఆడ చుక్కల పేర్లు చెప్త అన్నడు నాకు."

సుజాత లోపలి నుంచే అంది. "కుర్చీలు లేకుంటే కింద కూసుంటుంటిమి. గా మాట ఎందుకన్నవు?"

అన్నకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కారు మా ఇంటి ముందే ఉంది. కుర్చీలు, ఐసు డబ్బా దించి ఇంట్లో పెట్టాను.

శనివారం ఆరు గంటలకు బయలుదేరాం. ముందురోజు కంటే మంచు ఎక్కువగా ఉంది. నర్సింలు లైట్లు వేసి మెల్లగా నడిపాడు. సోమశిలకు మక్తల్ నుంచి ఆత్మకూరు, పెబ్బేరు, కొల్లాపూర్ మీదుగా మూడు గంటలకు పైనే. మా సొంతూరు ఆత్మకూరు దారిలోనే, రోడ్డుకు కొంచెం లోపల. ఆరున్నర దాటాక అన్న ఇంటి ముందు ఆగాం. వదిన వాకిలి ఊడుస్తోంది.

"అన్న ఏడి వదినా? తోల్కపోదామని వచ్చినం."

వదిన చీపురు కింద పెట్టింది. "ఆయన ఐదింటికే పోయిండు గద. ఎటు అంటే మంద తోలుకపోతున్న అన్నడు. నిన్న పొద్దున నా తమ్మున్ని పిలిపిచ్చి, రెండొద్దులు మందను చూసుకో, నేను లింగప్పోళ్ళతోని పోతున్న అన్నడు. రాత్రి వచ్చి, పోత లేను అన్నడు. ఏమైంది లింగప్పా?"

ఏమీ కాలేదన్నాను. ఇంటి వెనుక దొడ్డి దగ్గరికి పోయి చూశాను. గొర్లన్నీ అక్కడే ఉన్నాయి. వదిన తమ్ముడు దడి పక్కన పడుకొని ఉన్నాడు. మంచులో మందను ఎవరూ తోలరు. తడి గడ్డి తింటే గొర్రెకు రోగం వస్తుంది. ఎండ వచ్చేదాకా దొడ్డి తెరవొద్దని నాకు చిన్నప్పుడు చెప్పింది అన్నే.

అరగంట చూశాం. మళ్ళీ ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగింది.

సోమశిలలో రెండు రోజులు ఇబ్బంది లేకుండా గడిచాయి. రేవుకు ఎడమ దిక్కు, ఆయన చెప్పిన చోటే మూడు రాళ్ళున్నాయి. పక్కన ఎండు పుల్లల మోపు కూడా ఉంది. నేల మీద చిన్న రాళ్ళు ఏరేసి ఉన్నాయి. డేరా పట్టేదాని కంటే ఎక్కువ మేర, ఇంకొక మనిషి బయట పడుకునేంత ఏరేసి ఉంది. అఖిల చుక్కల పేర్లు అడిగితే రెండే చెప్పగలిగాను. వచ్చాక అన్నను కలిశాను. జాగా మంచిగుందా అని అడిగాడు. మంచిగుందన్నాను. ఆ సాయంత్రం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేనే. కుటుంబంతో ఇట్లాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. కారులో ముందు మనుషులను కూర్చోబెట్టి చూడండి. సామాను ఆ తర్వాత, మిగిలిన చోట్లో ఎక్కించండి. కుర్చీలు లేకపోయినా ఒడ్డున కూర్చోవచ్చు.

ఆ శనివారం అన్న ఐదు గంటలకు ఇల్లు వదిలి వెళ్ళాడు. మేము ఆయన వాకిట్లోంచి ఏడు పదికి బయలుదేరాం.